నిలువని బొమ్మకు నిలుకడ: యానిమేషన్, ఇంటర్నెట్ యుగమున చిత్రలేఖనము

చిత్రకళను గూర్చి శ్రద్ధతో ఆలోచించువారి నడుమ గడచిన ముప్పదియేండ్లుగా ఒక వివాదము తెగక సాగుచున్నది. పిల్లలు చూచెడి కార్టూన్లలోని పాత్రలను, వీడియో గేముల నాయకులను, ఫోను తెరపై గడియకొకటిగా పుట్టి గిట్టెడి మీములను తెచ్చి, నిలువెత్తు కాన్వాసులపై రంగులతో చిత్రించి, ప్రపంచమందలి ప్రసిద్ధ మ్యూజియముల గోడలకు తగిలించుట కళయా, కళ పేరిట సాగు వ్యాపారమా అనునదియే ఆ వివాదము. ఇట్టి బొమ్మ అల్పమైన మూలమునుండి పుట్టినది కావున అల్పమేయని ఒక పక్షమువారందురు. ఈ కాలపు జనులు దినమెల్ల చూచుచున్నది ఈ బొమ్మలనే కావున వీనిని చిత్రించువాడే ఈ కాలపు చిత్రకారుడని రెండవ పక్షమువారందురు. విచారించి చూచినచో ఉభయులును బొమ్మ ఎచటినుండి వచ్చెనను ప్రశ్నకడనే ఆగిపోవుచున్నారు; వచ్చిన బొమ్మను చిత్రకారుడేమి చేసెనను ప్రశ్నకు పోవుట లేదు.

యానిమేషన్‌లో ఒక్కొక్క ఫ్రేము ఆయువు సెకనులో 24వ వంతు మాత్రమే. ఇంటర్నెట్టులోని బొమ్మకు స్థిరమైన కొలత లేదు, స్థిరమైన చోటు లేదు, దానిని తనదని చెప్పదగిన యజమాని తఱచుగా కానరాడు. అట్టి బొమ్మను కాన్వాసుమీదికి తెచ్చువాడు దానికొక కొలతను, ఒక చోటును, రంగుతో కట్టిన ఒక ఉపరితలమును, అన్నిటికి మించి నిలిచి చూడదగిన కాలమును ఇయ్యవలసియున్నాడు. ఇచ్చినవాడు చిత్రకారుడు, ఇయ్యనివాడు ఇతరులు గడించిన ప్రసిద్ధిని పెద్దదిచేసి అమ్ముకొనువాడు. ఈ పరీక్షనే చేతబట్టుకొని ఈ మార్గమున నడచిన ముఖ్యులను, వారి కృతులను చూడబూనుచున్నాను.

మార్గము నిన్న మొన్న తెరచినది కాదు. 1961లో అమెరికా చిత్రకారుడు రాయ్ లిక్టెన్‌స్టైన్ పిల్లల బొమ్మలపుస్తకములోని దృశ్యమొకటి గైకొని ‘లుక్ మికీ’ యను చిత్రము వ్రాసెను. డొనాల్డ్ డక్ తన కోటునకే గాలము తగిలించుకొని పెద్దచేప చిక్కినదని సంబరపడుచుండగా, మికీ మౌస్ నోటికి చేయి అడ్డము పెట్టుకొని నవ్వాపుకొనుచుండుట అందలి విషయము. చవుకబారు అచ్చులో రంగుల ఛాయకై వాడెడి చుక్కలను ఆయన తన చేతితో వేసెను. యంత్రము చేయు పనిని చేయి చేయునప్పుడు కలుగు చిన్నచిన్న తడబాట్లు ఆ చిత్రమందు కంటికి కనబడుచునే యున్నవి. అంతకంటె లోతైన ఉదాహరణము ఫిలిప్ గస్టన్‌ది. బాల్యమున పోస్టుద్వారా కార్టూను పాఠములు నేర్చుకొని, నడివయసున అమూర్త చిత్రకారుడుగా గొప్ప పేరు గడించిన ఆయన, 1970లో న్యూయార్కులోని మార్ల్‌బరో గ్యాలరీలో ముసుగుమనుషులు, లావుపాటి బూట్లు, చుట్టలు, వ్రేలాడు బల్బులు నిండిన మొరటు కార్టూను చిత్రములను ప్రదర్శించెను. విమర్శకులు తీవ్రముగా నిందించిరి. స్నేహితులు కొందరు దూరమైరి. 1980లో ఆయన మరణించిన పిమ్మట కడపటి ఆ పదేండ్ల చిత్రములే యువచిత్రకారులకు గురుపీఠమైనవి. హింసకు బాహాటముగా సాక్ష్యము చెప్పుటకు అమూర్తరేఖ చాలదని ఆయన కనుగొనెను గాని, వినోదము కొఱకు కార్టూనును ఆశ్రయింపలేదు.

అయితే లిక్టెన్‌స్టైన్, గస్టన్ ఇరువురును ప్రధానముగా అచ్చుకాగితపు బొమ్మకు ఋణపడినవారు. యానిమేషన్ బొమ్మ వేరొక జాతిది. దాని పుట్టుకను కొంచెము దగ్గరగా చూడనిదే తరువాతి చిత్రకారుల పని అర్థము కాదు. కంప్యూటరు రాకపూర్వము పారదర్శకమైన సెల్యులాయిడు రేకు ముందువైపున సిరాతో రేఖ గీసెడివారు. రేకును వెనుకకు త్రిప్పి, వెనుకవైపున రంగు నింపెడివారు. చూచువానికి ముందువైపు మాత్రమే కనబడును గనుక కుంచె జాడ ఎక్కడను తెలియదు. రంగు ఒకే మందముగ, నిగనిగలాడుచు, నీడ వెలుగుల మెట్లు లేక పఱచుకొనియుండును. నేపథ్యము మాత్రము వేరుగా, తఱచుగా నీటిరంగులతో, నెమ్మదిగా చిత్రింపబడియుండును. అనగా ఒకే తెరపై రెండు చిత్రకళలు ఏకకాలమున నివసించుచున్నవి: కదలెడి చదునైన పాత్ర యొకటి, కదలని లోతైన లోకమొకటి.

జపానులో ఈ పద్ధతి మరియొక మలుపు తిరిగెను. 1963 జనవరిలో ఒసాము తెజుకా ‘ఆస్ట్రో బాయ్’ ధారావాహికను టెలివిజనులో ప్రారంభించినపుడు, వారమునకొక అరగంట కథను అందింపవలసిన ఒత్తిడికి తగిన ధనము గాని, మనుషులు గాని లేకుండిరి. ఒక్కొక్క బొమ్మను మూడు ఫ్రేములవరకు నిలిపియుంచుట, ముఖము కదలక పెదవులు మాత్రమే కదలుట, ఒకసారి గీసిన బొమ్మలను దాచియుంచి మరల మరల వాడుకొనుట మొదలగు పొదుపు మార్గములు అట్లు అలవాటైనవి. లేమివలన పుట్టిన ఈ యేర్పాటు క్రమముగా ఒక శైలియై, కదలికకంటె భంగిమకును, నడకకంటె నిలిచిన క్షణమునకును ప్రాధాన్యమిచ్చెను. పాత్ర కన్నులు పెద్దవై భావభారమంతయు మోసెను. విస్ఫోటనము, జ్వాల, కెరటము వంటి కొద్ది దృశ్యములలో మాత్రమే యానిమేటరు తన ప్రతాపమంతయు చూపుకొనెను. యోషినోరి కనదా యను యానిమేటరు గీసిన జ్వాలలు, 1979 నాటి ‘గెలాక్సీ ఎక్స్‌ప్రెస్ 999’ చిత్రమునందు, ఇట్టి ప్రతాపమునకు పేరెన్నికగన్నవి. జపాను యానిమేషన్ కదలుటకు ముందే సగము చిత్రలేఖనముగా ఉండెననుట అతిశయోక్తి కాదు.

ఈ సంగతిని అందరికంటె ముందుగా గ్రహించినవాడు తకాషి మురకామి. 1962లో టోక్యోలో జన్మించిన ఈయన యానిమేటరు కాగోరి, కాలేక, టోక్యోలోని ప్రభుత్వ లలితకళా విశ్వవిద్యాలయమున ‘నిహొంగా’ యను సంప్రదాయ చిత్రకళను అభ్యసించి, 1993లో అందే డాక్టరేటు పొందెను. ఖనిజముల పొడిని జిగురుతో కలిపి, పొరవెంట పొరగా పూసి, స్వర్ణపత్రముల నద్ది, నెలల తరబడి ఓర్పుతో చేయు కళ అది. ఆ శిక్షణమును, కార్టూను మోహమును ఒక్కచోట చేర్చుట ఆయన జీవితకార్యమయ్యెను. గుండ్రని తల, రెండు పెద్ద చెవులు గల ‘మిస్టర్ డాబ్’ అను పాత్రను 1993లో సృష్టించి, అప్పటినుండి దానిని నవ్వించుచు, ఏడిపించుచు, కోరలు మొలిపించుచు, ముక్కలుముక్కలుగా చేయుచు వచ్చెను.

న్యూయార్కు ఆధునికకళా మ్యూజియమునందున్న ‘727’ అను 1996 నాటి చిత్రము ఆయన ప్రతిభకు నికషము. మూడు పలకలు చేర్చిన ఆ చిత్రము ఎత్తు సుమారు 3 మీటర్లు, వెడల్పు నాలుగున్నర మీటర్లు. నడుమ మిస్టర్ డాబ్ అనేక నేత్రములతో, పదునైన పండ్లతో నోరు తెరచుకొని, మెలికలు తిరిగిన యొక కెరటముపై దూసుకొనివచ్చుచుండును. ఆ కెరటపు వంపు 12వ శతాబ్దపు ‘షిగిసాన్ ఎంగి’ చిత్రపటమును స్మరింపజేయును; పేరు మాత్రము రైలుమార్గముల ప్రక్కన కనబడు ఒక సౌందర్యసాధనముల కంపెనీ ప్రకటనఫలకమునుండి వచ్చెనందురు. పాత్రను మాత్రమే చూచి మరలిపోవువారు ఈ చిత్రము సగమే చూచినవారగుదురు. దాని నేపథ్యము పలు రంగులను పొరలుపొరలుగా పూసి, గీకి, సానబట్టి తెచ్చినది. పాత గోడపై వర్షపు చారలవలె అడుగుపొరలు అక్కడక్కడ పైకి తేలుచుండును. పాత్రమీద కుంచె జాడ లేదు. నేపథ్యమున శ్రమ జాడ తప్ప మరేమియు లేదు. యానిమేషన్ తెరపై సహజీవనము చేసిన ఆ రెండు చిత్రకళలే ఇచట ఒకే చర్మముగా మారినవి. బొమ్మకు కాలమిచ్చుట యన్నది ఇదియే.

2000లో మురకామి ‘సూపర్‌ఫ్లాట్’ అను ప్రదర్శనమును, అదే పేరున ఒక గ్రంథమును వెలువరించెను. మరుసటియేట ఆ ప్రదర్శనము లాస్ ఏంజిలిస్‌కు పోయెను. కళాచరిత్రకారుడు నొబువో త్సుజి 1970లో ప్రకటించిన గ్రంథమొకటి ఇతో జకుచు, సోగా షోహకు మొదలగు ‘ఎదో’ అను పూర్వకాలపు విచిత్రచిత్రకారుల వంశమును నిరూపించియుండగా, మురకామి ఆ వంశమును కనదా వంటి యానిమేటర్లవరకు పొడిగించి, లోతు లేని చదునుదనమే జపాను దృష్టియొక్క ఆద్యంతసూత్రమని వాదించెను. చదునుదనము చిత్రమందే గాక, గొప్పకళకును చిల్లరకళకును నడుమ తారతమ్యము లేని సమాజమందును గలదని ఆయన మాట. 2005లో న్యూయార్కులోని జపాన్ సొసైటీలో జరిపిన ప్రదర్శనమునకు హిరోషిమాపై పడిన బాంబు పేరే ‘లిటిల్ బాయ్’ అని పెట్టి, యుద్ధమున ఓడి పరాధీనమైన దేశము పెద్దదికాలేక ముద్దుబొమ్మలలో తలదాచుకొన్నదను విషాదమును ముందునకు తెచ్చెను.

ఈ సిద్ధాంతమునందలి ధైర్యమును మెచ్చుకొనవలసినదే. కాని పూర్తిగా అంగీకరింపజాలము. ఎదో కాలపు ముద్రణచిత్రకారులు పాశ్చాత్యుల దృక్కోణరచనను 18వ శతాబ్దముననే ఉత్సాహముతో వాడిరి. వంశవృక్షములో నచ్చిన కొమ్మలను ఉంచి నచ్చనివి నరికివేసినచో ఎవరికైన గొప్ప పూర్వీకులు లభింతురు. ఇక యానిమేషన్ వీరాభిమానులలో పలువురు ఈయన తమ లోకపు బొమ్మలను విదేశీ ధనికులకు అమ్ముచున్నాడని నొచ్చుకొనిరి. 2003లో లూయీ విట్టాన్ సంచులపై ఆయన రంగులచిహ్నములు ముద్రించుట, 2007లో లాస్ ఏంజిలిస్ మ్యూజియమున తన చిత్రప్రదర్శనము నడుమనే ఆ సంచుల దుకాణము తెరచుట ఆ నొప్పికి బలమిచ్చినవి. గొప్పకళకు, వస్తువుకు తారతమ్యము లేదని వాదించుట యొకటి, లేకుండ చేసి లాభము గొనుట మరియొకటి. దుకాణము పెట్టిన మురకామిపై నాకు ఆదరము లేదు.

కాని 2011 మార్చిలో భూకంపము, సునామీ జపాను తూర్పుతీరమును తుడిచిపెట్టిన తరువాత ఆయన గీసిన ‘ఐదువందల అర్హతులు’ ముందు ఈ యాక్షేపణలన్నియు చిన్నవగుచున్నవి. 100 మీటర్ల పొడవు, 3 మీటర్ల ఎత్తు గల ఆ మహాచిత్రము ఆపదవేళ సాయమందించిన కతార్ దేశమున 2012లో మొదట ప్రదర్శింపబడి, 2015లో టోక్యోలోని మోరి మ్యూజియమునకు వచ్చెను. ఎందరో సహాయకులు కలిసి పనిచేసిన ఆ చిత్రమునందు ముడుతలుపడిన ముసలి భిక్షువులు కార్టూను కన్నులతో, కార్టూను రేఖలతో, జ్వాలలనడుమ, సుడిగాలుల నడుమ నిలిచి ప్రజలను ఊరడించుచుందురు. నవ్వించుటకు పుట్టిన రేఖ శోకమును మోయగలదని ఆ చిత్రము రుజువు చేసెను. ఈ సమీక్షలో చెప్పుకొను కృతులన్నిటిలోను ఇదియే ఉత్తమమైనదని నా నిశ్చయము.

మురకామి ప్రోత్సాహమున వెలుగులోకి వచ్చినవారిలో చిహో అవోషిమా, అయా తకానో అను ఇరువురు స్త్రీలు ప్రత్యేకముగా పేర్కొనదగినవారు. అవోషిమా చిత్రకళాశాలలో చదువుకొన్నది కాదు. కంప్యూటరునందే రేఖలు గీసి, ఎంత పెంచినను చెదరని ఆ రేఖలను గోడలకొలది ముద్రించి, లండను భూగర్భరైలు స్టేషనులో ముఖములు గల భవనములను, ఊపిరితీయు కొండలను నిలిపెను. తకానో సన్ననిమేని బాలికలు గగనమున తేలుచుందురు. ఆమె తైలవర్ణము పలుచగా, వెలిసినట్లుండి, కార్టూను రేఖకు జ్వరము వచ్చినట్లుండును. యోషితొమో నారాను కూడ ఈ గుంపులోనే చేర్చుట వాడుక. అది తొందరపాటు. 1959లో జన్మించి, జర్మనీలోని డ్యూసెల్డార్ఫ్‌లో చదివిన ఆయన కోపపుకన్నుల పసిపాపలకు యానిమేషన్ కంటె రాక్ సంగీతము, ఏకాంతబాల్యము దగ్గరి చుట్టములు. ఆయన ఇటీవలి పెద్దముఖములలో ఒక చెక్కిలిని దాటుటకే పది రంగులు దాటవలెను. చూచువాడు ఆ ముఖముకడ నిలువక తప్పదు.

అమెరికాలో ఈ బొమ్మలను మోహముతో గాక పోట్లాటతో చిత్రించిన జాయిస్ పెన్సాటోను మఱువరాదు. నల్లని, తెల్లని ఎనామిలు పెయింటును కాన్వాసుపై విసరి, తుడిచి, మరల విసరి, మికీ మౌస్‌ను కన్నులు కారిపోవుచున్న యొక బాధితునివలె నిలిపెను. 2019లో ఆమె మరణించునాటికి ప్రసిద్ధి ఆలస్యముగానే ఆమెను చేరియుండెను.

ఇక ఇంటర్నెట్టు వచ్చిన పిమ్మట సమస్య రూపు మారెను. టెలివిజను బొమ్మకు ప్రసారవేళ యుండెడిది. ఇంటర్నెట్టు బొమ్మకు అదియును లేదు. అది ఒకేసారి పురాతనము, నవీనము, బొటనవ్రేలంత, గోడంత, ఒకచోట భక్తిపాత్రము, మరియొకచోట హాస్యపాత్రము. ఈ కలగాపులగమును అందరికంటె ముందు చిత్రలేఖనముగా మార్చినవాడు లక్సెంబర్గులో పుట్టి బెర్లినులో పనిచేసిన మిఖేల్ మజేరుస్. సూపర్ మారియో, టాయ్ స్టోరీ పాత్రలు, ప్రకటనల అక్షరములు, అమూర్తచిత్రకారుల కుంచెవిసురులు ఒకే చిత్రమున సమానహోదాతో చేర్చి, 2000లో కొలోను నగరమున స్కేట్‌బోర్డు ఆడుకొను పెద్ద వంపుబల్లనే చిత్రఫలకముగా చేసెను. 2002 నవంబరులో విమానప్రమాదమున 35 ఏండ్లకే మరణించెను. స్మార్టుఫోను, సామాజిక మాధ్యమములు రాకముందే వాని దృష్టిని పట్టుకొన్న ఆ యువకుడు జీవించియుండినచో ఈ చరిత్ర వేరుగా నుండెడిది.

తెరకును కాన్వాసుకును గల మూలభేదము వెలుతురులో నున్నది. తెరమీది రంగు తనంతట తాను వెలుగు చిమ్మును. పూసిన రంగు మీదపడిన వెలుతురును తిరిగి పంపును. తోలుబొమ్మలాట చూచినవారికి ఈ భేదము వివరింపనక్కరలేదు. పగటివేళ పెట్టెలోనుండి తీసి నేలపై పఱచిన తోలుబొమ్మ ఎండినచర్మమువలె మందముగా నుండును. రాత్రి తెల్లగుడ్డ వెనుక దీపము ముందు నిలిపినపుడు అదే ఎరుపు, అదే పచ్చ నిప్పువలె రగులును. ఇంటర్నెట్టు బొమ్మను కాన్వాసుపైకి దించు చిత్రకారుడు దీపములేని పగటిపూట ఆ తోలుబొమ్మను ఆడింపవలసిన వాడు. అందువలననే ఈ తరము చిత్రకారులు ఫ్లోరెసెంట్ రంగులను, కుంచె తగులకయే రంగును పొగవలె చల్లు ఎయిర్‌బ్రష్షును, గాజువంటి వార్నిషును ఆశ్రయించుచున్నారు. కొందరికి ఇది పరికరము; చాలమందికి ఊతకఱ్ఱ.

1970లో జన్మించిన లారా ఓవెన్స్ పద్ధతి దీనికి విరుద్ధము. కంప్యూటరులో ఒక గీత క్రింద కృత్రిమమైన నీడ నొకటి చేర్చి, అది కాగితమునుండి పైకి లేచినట్లు భ్రమింపజేయుట అందరు ఎఱిగినదే. ఓవెన్స్ 2013లో లాస్ ఏంజిలిస్‌లో ప్రదర్శించిన పెద్ద చిత్రములలో ఆ కంప్యూటరు నీడను రంగుతో చిత్రించి, దానిపైన వ్రేలి మందమున నిజమైన రంగుముద్దను పెట్టెను. ఆ ముద్దకు గదిలోని దీపమువలన నిజమైన నీడయు పడును. ఒకే గీతకు రెండు నీడలు, ఒకటి అబద్ధము, ఒకటి నిజము. చూచువాడు ప్రక్కకు నడచినపుడు నిజమైన నీడ మారును, అబద్ధపు నీడ మారదు. ఈ చిత్రమును ఫొటోలో చూచినవానికి ఈ రహస్యము తెలియదు. ఇంటర్నెట్టు గూర్చి చెప్పుచు, ఇంటర్నెట్టుద్వారా చేరరాని చిత్రమును నిర్మించుటకంటె సమర్థమైన సమాధానము మరేమి కావలెను?

1987లో పుట్టిన ఏవరీ సింగర్ భవననిర్మాణమునకు వాడు సాఫ్టువేరులో మనుష్యాకృతులను దిమ్మెలుగా కట్టి, ఆ రూపమును కాన్వాసుపై ప్రసరింపజేసి, టేపులంటించి, బూడిదవన్నెలను ఎయిర్‌బ్రష్షుతో చల్లును. ఫలితము చల్లగా, స్పృశింపరానట్లుండును. ఆ చల్లదనమే ఆమె చెప్పదలచిన మాట. ఇట్టివారి ననుసరించి, తెరపట్టు బొమ్మలను, మీములను ఉన్నవి ఉన్నట్లు కాన్వాసుకెక్కించు వారు నేడు ప్రతి నగరమునను ఉన్నారు. వారిలో అధికులను గూర్చి చెప్పదగినది కొంచెమే. మీము బలమంతయు అది వచ్చిన సమయమునందు గలదు. సమయము గడచిన పిదప కాన్వాసుపై మిగులునది వివరింపబడిన హాస్యము, అనగా చచ్చిన హాస్యము.

ఈ బొమ్మలెవరివి అను ప్రశ్న తప్పించుకొనరానిది. 1999లో ఫ్రెంచి కళాకారులు పియర్ హ్యూగ్, ఫిలిప్ పరెనో ఇరువురును పాత్రలను తయారుచేసి అమ్ము జపాను సంస్థనుండి ‘ఆన్‌లీ’ యను చౌకపాత్రను 46,000 యెన్లకు కొనిరి. చరిత్రలేని, కథలో కొలదికాలమే బ్రదుకవలసిన ఆ బాలికను తోటి కళాకారులకు ఉచితముగా ఇచ్చి, ఎవరికి తోచినట్లు వారిని ఆమెకు మాటలు, కథలు కల్పింపుమనిరి. కొన్నేండ్ల తరువాత ఆమె హక్కులను న్యాయపత్రముద్వారా ఆమెకే దఖలుపఱచి, ఇకపై ఎవరును వాడరాదని నిశ్చయించిరి. దీనికి ఎదురుగా అమెరికా కళాకారుడు మాట్ ఫ్యూరీ కథ నిలుచును. 2005లో ఆయన గీసిన ‘పెపె’ యను శాంతస్వభావపు కప్ప ఇంటర్నెట్టున చేతులు మారుచు మారుచు, 2016 నాటికి ద్వేషప్రచారకుల చిహ్నమై, యూదుల హక్కుల సంస్థయొకటి ప్రకటించిన ద్వేషచిహ్నముల పట్టికకెక్కెను. ఆయన కోర్టుకెక్కి పోరాడెను. 2019లో హాంకాంగులో ప్రజాస్వామ్యమునకై వీథులకెక్కిన యువకులు అదే కప్పను ఆశాచిహ్నముగా పట్టుకొనిరి. ఒకే రూపము మూడు జన్మలెత్తెను, సృష్టికర్త ప్రమేయము మూటిలో ఒకదానియందే కలదు. ఇతరుల పాత్రను గైకొను చిత్రకారుడు దానివెంట వచ్చు గతమును కూడ గైకొనుచున్నాడని తెలిసికొనవలెను. 1928 నాటి మికీ మౌస్ రూపముపై అమెరికాలో కాపీరైటు హక్కులు 2024 జనవరి 1తో ముగిసినవి. చట్టము దారి వదలినంతమాత్రమున కళాధర్మము దారి వదలదు.

వేలములను గూర్చి క్లుప్తముగా చెప్పుదును. 2019 ఏప్రిలులో కాస్ అనబడు బ్రయన్ డొనెలీ చిత్రించిన ‘ది కాస్ ఆల్బమ్’ హాంకాంగులో సుమారు 1 కోటి 48 లక్షల డాలర్లకు అమ్ముడైనది. సింప్సన్స్ పాత్రలను బీటిల్స్ ఆల్బముపటమువలె నిలిపిన చిత్రమది. అదే సంవత్సరము అక్టోబరులో నారా చిత్రమొకటి అదే నగరమున సుమారు 2 కోట్ల 49 లక్షల డాలర్లు పలికెను. 2021 మార్చిలో బీపుల్ అనబడు మైక్ వింకెల్‌మన్ దినమునకొకటిగా చేసిన 5000 బొమ్మలను కూర్చిన డిజిటల్ కృతి 6 కోట్ల 93 లక్షల డాలర్లకు పోయెను. కొనినవాడు తమిళనాడునుండి సింగపూరు చేరిన విఘ్నేశ్ సుందరేశన్. ధరలు గొప్పవైనంతమాత్రమున కృతులు గొప్పవి కావు, చెడ్డవియును కావు. యువకుడుగా యానిమేషన్ కంపెనీలో నేపథ్యములు చిత్రించిన కాస్‌కు రంగును చదునుగా పఱచుటలో అద్భుతమైన నేర్పు గలదు. కాని ఆ ఆల్బముచిత్రము ముందు నిలిచినవానికి అవి సింప్సన్స్ అని, అది బీటిల్స్ ఆల్బమని గుర్తుపట్టుట తప్ప చేయదగిన పని మిగులదు. గుర్తుపట్టుట చూచుట కాదు. నారా చిత్రమునకు ధరతో పనిలేని బలము కలదు. బీపుల్ కృతియందు ఓర్పు కలదు, ఎంపిక లేదు.

మనదేశమునకు ఈ మార్గముతో ముడి బొమ్మలకథలద్వారా పడెను. న్యూయార్కులో భారతీయ కుటుంబమున పుట్టిన చిత్రా గణేశ్ 2002లో ‘టేల్స్ ఆఫ్ అమ్నీషియా’ యను కృతిలో అమర్ చిత్రకథ పుటల స్వరూపమును గ్రహించి, అందు మౌనముగా నిలుచుండు స్త్రీపాత్రలకు కోపమును, కలలను ఇచ్చెను. మూలమును ప్రేమించుచునే ప్రశ్నించిన ఆమె పద్ధతి అనుసరణీయము.

తెలుగునాట యానిమేషన్‌కు కొదవలేదు. 2008 నుండి పిల్లలను ఆకట్టుకొన్న ఛోటా భీమ్ హైదరాబాదులోని గ్రీన్ గోల్డ్ సంస్థలో పుట్టెను. జవహర్‌లాల్ నెహ్రూ వాస్తు, లలితకళల విశ్వవిద్యాలయమున చిత్రలేఖనము, యానిమేషన్ రెండును డిగ్రీచదువులుగా ఒకే ఆవరణమున నడచుచున్నవి. ఇక బ్రహ్మానందము ముఖము లేని తెలుగు మీము ఎంత అరుదో మనమెల్ల ఎఱిగినదే. సినిమాలో రెప్పపాటున దాటిపోయిన ఆ నటుని కనుబొమల విరుపును ఒక అజ్ఞాతుడు ఆపి, పట్టి, పదిమందికి పంచినాడు. ఆ ముఖము నేడు మన నిత్యసంభాషణమున ఒక నుడికారమైనది. కదలెడి బొమ్మను ఆపు విద్య సామాన్యజనుల చేతికి ముందే వచ్చెననుటకు ఇంతకంటె సాక్ష్యమేల? దానికి రంగును, కొలతను, ఉపరితలమును ఇచ్చు పని చిత్రకారునిది. చేర్యాల పటములలో కథ చట్రమునుండి చట్రమునకు నడచును గనుక యానిమేషన్ మనకు పుట్టుకతో వచ్చినదని కొందరందురు; మురకామి వంశవృక్షమువలెనే ఇదియును తొందరపడి నాటరాని మొక్క. పూర్వీకులను వెదకుటకు ముందు పనిచేయవలెను.

2025 మార్చిలో కృత్రిమమేధ సహాయమున ఇంటింటి ఫొటోలు జపానులోని ఘిబ్లి స్టూడియో బొమ్మలవలె మారి మన ఫోనులనిండ పొంగినవి. పెండ్లిఫొటోలు, తాతల ఫొటోలు, గుడిముందు దిగిన ఫొటోలు అన్నియు ఒకే మెత్తని పచ్చదనమున మునిగినవి. ఎందరో చిత్రకారులు దశాబ్దముల తరబడి చేతితో సాధించిన శైలి ఒక మీటతో అందరిదయ్యెను. దీనిని చూచి చిత్రలేఖనము ముగిసినదని భయపడువారితో నేనేకీభవింపను. శైలి యంతయు ఉచితమైన దినమున శైలినే నమ్ముకొన్న చిత్రకారుడు నష్టపోవును. ‘727’ నేపథ్యమున సానబట్టిన పొరలకు, ఓవెన్స్ రంగుముద్ద పఱచు నిజమైన నీడకు ఆ మీటవలన నష్టము లేదు.

కావున మన లలితకళాశాలల అధ్యాపకులకు ఒక విన్నపము. కార్టూను గీసెనని, మీము తెచ్చెనని విద్యార్థిని నిరుత్సాహపఱుపకుడు. నూతనమని వెంటనే మెచ్చుకొననును వలదు. ఆ బొమ్మకు నీవిచ్చిన కొలత యేమి, దీనినెంతసేపు చూడగలము, కంప్యూటరు తెర ఆపివేసినచో ఇందు మిగులునది యేమి అని అడుగుడు. చిత్రలేఖనము, యానిమేషన్ తరగతుల నడుమ తలుపులు తెరచి, ఒకరి పని మరియొకరిచేత చేయింపుడు. పాఠకులకును ఒక మాట. ఇట్టి చిత్రముపై ఏ తీర్పు చెప్పవలెనన్నను ఫోను తెరపై చూచి చెప్పకుడు. వీలైనంతవరకు అసలు చిత్రము ముందు నిలిచి, దగ్గరకు పోయి, దూరమునకు వచ్చి, ప్రక్కకు జరిగి చూచిన పిమ్మటనే చెప్పుడు.